మంటి గిన్నె – కుమ్మరి చెయ్యి

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగములు: యిర్మీయా 18:1–6, 19:1–11, యోహాను 4:5–11, 2 కొరింథీయులకు 4:7

  

ఈ దినము మనము ధ్యానించబోవు అంశము చాలా చిన్నది. మీ అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. అది ఒక మంటి గిన్నె. టీ త్రాగే మట్టి కప్పు.

బషీర్‌బాగ్ చౌరస్తా దగ్గర ఒక్క పావుగంట నిలబడండి. టీ త్రాగే పాత్రలన్నీ మీ కళ్ళ ముందుకు వస్తాయి. ఇరానీ హోటల్లో పింగాణీ కప్పు, సాసరు. బండి దగ్గర చిన్న గాజు గ్లాసు. ఆఫీసుకు పరుగెత్తేవారి చేతిలో కాగితపు కప్పు. కొన్ని దుకాణాల్లో మట్టి కప్పు కూడా కనబడుతుంది. ఉత్తరాదివారు దానిని కుల్హడ్ అంటారు. 2004లో రైల్వే మంత్రిగా ఉన్న లాలూ ప్రసాద్ యాదవ్ గారు రైల్వే స్టేషన్లలో టీని మట్టి కప్పుల్లో ఇవ్వాలని ప్రకటించినప్పుడు ఆ మాట దేశమంతా వినబడింది. మన ప్రాంతానికి మట్టి పాత్ర కొత్తది కాదు. కుండ, కూజా, ముంత, పిడత, గురిగి, మూకుడు – ఈ మాటలు వినకుండా పెరిగినవారు మనలో ఎందరు?

అటు నాంపల్లి వైపు వెళ్తే ఎగ్జిబిషన్ మైదానము. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ఇప్పుడు ఏటేటా జనవరి నెలలో అక్కడ జరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జానుండి వచ్చిన కప్పులు, జాడీలు అక్కడ వరుసలుగా పేర్చి అమ్ముతారు. తల్లులు ఏమి చేస్తారో గమనించారా? కప్పును ఎత్తి, త్రిప్పి చూచి, వ్రేలితో ఒక్కసారి తట్టుతారు. మంచి కప్పు ఖంగుమంటుంది. కంటికి కనబడని పగులున్న కప్పు మొద్దుగా పలుకుతుంది. ఎంత అందమైన పువ్వు వేసియున్నా మొద్దుగా పలికిన కప్పును వారు ప్రక్కన పెట్టేస్తారు.

చేతితో చేసిన కప్పులో త్రాగుటలో ఒక ఆనందమున్నది. సారె మీద చేసిన మట్టి కప్పు లోపల వ్రేలు పెట్టి చూడండి. అడుగునుండి అంచు వరకు చుట్టలు చుట్టుకొని పోయిన సన్నని గాడి తగులుతుంది. అది కుమ్మరి వ్రేలు పోయిన దారి. వేడి టీ పోసినప్పుడు తొలకరి వాన పడిన నేల వాసన వస్తుంది. అంచు ఒకచోట కొంచెము మందము, ఒకచోట కొంచెము పలుచన. రెండు కప్పులు ప్రక్క ప్రక్కన పెడితే అవి అన్నదమ్ముల్లా ఉంటాయి గాని అచ్చుగ్రుద్దినట్లు ఉండవు. కాగితపు కప్పును పిండి చెత్తబుట్టలో వేయడానికి మనకేమీ అనిపించదు. చేతితో చేసిన కప్పు జారి పగిలితే మాత్రము మనస్సు చివుక్కుమంటుంది. ఎందుకు? ఎవరో ఒక మనిషి దాని దగ్గర కూర్చున్నాడని మన చేతికి తెలుసు గనుక.

ఈ మంటి గిన్నె ద్వారా ప్రభువు మనతో మాట్లాడు నాలుగు సంగతులు చూద్దాము.

మొదటిది: మనము చేతితో చేయబడినవారము

ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు మాట పలుకగా వెలుగు కలిగెను, ఆకాశము కలిగెను, చెట్లు మొలిచెను. రెండవ అధ్యాయము ఏడవ వచనమునకు వచ్చేసరికి నరుని గురించి వేరే విధముగా వ్రాయబడియున్నది. దేవుడు నేలమన్ను తీసికొని అతనిని రూపించెను. అక్కడ వాడిన హెబ్రీ క్రియ, యిర్మీయా గ్రంథములో కుమ్మరి అని చెప్పుటకు వాడిన మాట – రెండును ఒకే ధాతువునుండి వచ్చినవి. అంటే బైబిలు మొదటి పుటలలోనే దేవుడు కుమ్మరిగా కనబడుచున్నాడు.

కుమ్మరి పని సారె దగ్గర మొదలు కాదు. చెరువునుండి మన్ను తేవాలి. ఎండబెట్టి, నలుగగొట్టి, జల్లెడ పట్టాలి. రాళ్ళు, వేళ్ళు ఏరివేయాలి. నానబెట్టి, కాళ్ళతో త్రొక్కి, చేతులతో పిసకాలి. లోపల గాలి బుడగ మిగిలితే గిన్నె సరిగా లేవదు. ఇదంతా ఎవ్వరూ చూడని పని. మనము చూచేది చివరి రెండు నిమిషాలే – ముద్ద లేచి గిన్నె అవుట మాత్రమే. సహోదరీ, సహోదరుడా, నీ జీవితములో ఏమీ జరుగుట లేదని, త్రొక్కబడుట మాత్రమే జరుగుచున్నదని నీవనుకొనుచున్నావేమో. ఇది సారెకు ముందు జరుగు పని కావచ్చును.

ముద్దను సారె మీద పెట్టగానే కుమ్మరి గిన్నె చేయడు. ముందు దానిని నడిమికి తెస్తాడు. ముద్ద నడుమన నిలువకపోతే తిరుగుచున్నకొద్దీ ఊగిపోతుంది, గోడ ఒక ప్రక్క లేస్తుంది, ఒక ప్రక్క కూలుతుంది. నడిమికి వచ్చిన తరువాత ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టి గోడను లేపుతాడు. బయటి చెయ్యి మాత్రమే ఒత్తితే గిన్నె మూసుకొనిపోతుంది. లోపలి చెయ్యి మాత్రమే ఒత్తితే పరచుకొనిపోతుంది. దేవుడు మనలను బయటనుండి పరిస్థితులచేత ఒత్తునప్పుడు, లోపలనుండి తన ఆత్మచేత ఆదుకొనుచున్నాడు. బయటి ఒత్తిడిని మాత్రమే లెక్కపెట్టుకొనువారు లోపలి చెయ్యిని మరచిపోకూడదు.

రెండవది: మెత్తగా ఉన్న దినములు కొన్నియే

యిర్మీయా 18వ అధ్యాయము మనకు బాగా తెలుసు. ప్రవక్త కుమ్మరి యింటికి వెళ్ళెను. కుమ్మరి చేయుచున్న పాత్ర అతని చేతిలో చెడిపోయెను. అతడు దానిని పారవేయలేదు. అదే మంటితో తనకు ఇష్టమైన మరియొక పాత్ర చేసెను. ఈ భాగము మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము, పాటలు పాడుకొన్నాము.

అయితే ఆ వెంటనే వచ్చు 19వ అధ్యాయమును అంత తరచుగా చదువము. అక్కడ ప్రభువు యిర్మీయాను ఒక మంటి కూజా కొనమని చెప్పెను. పెద్దలను వెంటబెట్టుకొని బెన్‌హిన్నోము లోయకు వెళ్ళి, వారి కన్నులయెదుట దానిని పగులగొట్టమనెను. ఇక అది బాగుపడదు అని ప్రకటించమనెను.

ఒక అధ్యాయములో చెడిన పాత్ర బాగుపడింది. తరువాతి అధ్యాయములో పగిలిన పాత్ర బాగుపడలేదు. కుమ్మరి మారలేదు. మన్ను మారలేదు. మధ్యలో జరిగినదేమిటి? మధ్యలో జరిగినది అగ్ని.

ఎండిన పచ్చి గిన్నెను నీళ్ళలో వేస్తే కరిగి మరల బురద అవుతుంది. ఆ బురదతో మరల గిన్నె చేయవచ్చు. కాని ఆవములో సుమారు 600 డిగ్రీల వేడి దాటేసరికి మంటిలో కలిసిపోయియున్న నీరు కూడా విడిచిపోతుంది. ఆ తరువాత నూరు సంవత్సరాలు నీళ్ళలో నానబెట్టినా అది మెత్తబడదు. ఏ ఆకారముతో అగ్నిలోనికి వెళ్ళిందో ఆ ఆకారముతోనే ఉండిపోతుంది.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు మెత్తగా ఉన్న దినములు ఎన్ని? పదేళ్ళు, పన్నెండేళ్ళు. ఆ దినములలో వారిని ఎవరి చేతికి అప్పగించుచున్నారు? యౌవనులారా, మీ అలవాట్లు ఇంకా మెత్తగానే ఉన్నవి. కోపమైనా, త్రాగుడైనా, అబద్ధమైనా మొదట మెత్తని మన్నువలె ఉంటుంది, పోను పోను పెంకు అవుతుంది. ఆయన స్వరము వినబడిన నేడే హృదయము కఠినపరచుకొనవద్దని హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో మరల మరల చెప్పబడినది ఇందుకే.

అగ్ని చెడ్డది అని నేను చెప్పుట లేదు. కాలని గిన్నెలో టీ పోస్తే గిన్నె కరిగి చేతిలో బురద మిగులుతుంది. అగ్ని లేకుండ గిన్నె ఎవరి దప్పికయు తీర్చదు. అయితే కుమ్మరి గిన్నెను ముందు నీడలో మెల్లగా ఆరనిస్తాడు. గోడలో తడి మిగిలియుంటే ఆవములో అది ఆవిరియై గిన్నెను పగులగొడుతుంది. పైకి ఆరినట్లు కనబడి లోపల తడి దాచుకొన్న గిన్నెను అగ్ని బయటపెడుతుంది. మన దాచుకొన్న పాపములను శ్రమ రాకముందే ప్రభువు వెలుగులో పెట్టుదము.

మూడవది: పీల్చుకొను పాత్రలో ప్రభువు ఐశ్వర్యము

శ్రోతలారా, ఇక్కడ కొంచెము జాగ్రత్తగా వినండి. ఈ దినపు సందేశములో ముఖ్యమైన భాగమిది.

లేవీయకాండములో 6:28, 11:33, 15:12 వచనములు చదవండి. ఇత్తడి పాత్ర అపవిత్రమైతే తోమి కడుగవచ్చు. కొయ్య పాత్రను నీళ్ళతో కడుగవచ్చు. మంటి పాత్ర అపవిత్రమైతే మాత్రము పగులగొట్టవలెను. ఎందుకనగా మన్ను పీల్చుకుంటుంది. పోసినది లోపలికి ఇంకుతుంది. యేసు ప్రభువు కాలములో యూదులు శుద్ధి కొరకు రాతి బానలు వాడుటకు ఇదే కారణము. రాతికి అపవిత్రత అంటదని వారి ఆచారము. కానా ఊరి పెండ్లిలో ఉన్న ఆరు బానలు రాతివి అని యోహాను వ్రాయుట ఊరకనే కాదు.

మన దేశములోను మంటి పాత్ర ఎంగిలి అయితే పారవేయుట పాత అలవాటు. పాత్ర విషయములో అది శుభ్రత అనుకొందము. కాని ఆ మాటను మనుష్యులకు అంటగట్టినవారు ఉన్నారు. ఈ మనిషిని తోమినా, కడిగినా శుద్ధి కాడు, వీని పెదవి తగిలిన పాత్ర మన పెదవికి తగలకూడదు అన్నారు. మన తాతలలో అనేకులు దోసిలి పట్టి, పైనుండి పోసిన నీళ్ళు త్రాగినవారే. కొబ్బరి చిప్పలో, ఆకు దొప్పలో త్రాగినవారే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. అయినను అర్ధ శతాబ్దము గడిచిన తరువాత, 2001లో నివేదిక ఇచ్చిన జస్టిస్ పున్నయ్య కమిషన్, ఆంధ్రప్రదేశ్ పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతిని గురించి మాట్లాడవలసి వచ్చెను. టీ కొట్టులో ఒక వరుస గ్లాసులు కొందరికి, మరియొక వరుస గ్లాసులు మరికొందరికి. ఎవరి గ్లాసు వారే కడిగి పెట్టుకోవాలి. ఒక గ్లాసెడు టీలో ఎంత చేదు పోయవచ్చునో మన పెద్దలను అడిగి చూడండి.

ఇప్పుడు సుఖారు బావి దగ్గరకు రండి. మధ్యాహ్నవేళ. యేసు ప్రభువు అలసి కూర్చున్నాడు. ఒక సమరయ స్త్రీ నీళ్ళు చేదుకొనుటకు వచ్చింది. ప్రభువు ఆమెను దాహమునకిమ్మని అడిగెను. ఆమె ఆశ్చర్యపోయెను. ఎందుకు? చేదుకొనుటకు ఆయన యొద్ద ఏమియు లేదని ఆమెయే చెప్పినది. అంటే ఆయన త్రాగవలసినది ఆమె పాత్రతోనే. యూదుడు సమరయుల పాత్రను ముట్టని దినములలో, ప్రభువు ఆమె కుండకు తన పెదవులనుంచుటకు సిద్ధపడెను. జీవజలములను గూర్చిన ఆ గొప్ప ప్రసంగము ఈ చిన్న కోరికతో మొదలైనది.

ఆ తరువాత పౌలు కొరింథీయులకు ఏమి వ్రాసెనో జ్ఞాపకము చేసికొనండి. దేవుడు తన మహిమ ఐశ్వర్యమును ఉంచినది బంగారు పాత్రలలో కాదు, రాతి బానలలో కాదు, మంటి ఘటములలోనే. ధర్మశాస్త్రము పగులగొట్టుమనిన ఆ జాతి పాత్రలోనే! పీల్చుకొను స్వభావముగల మనలో తన ఆత్మను ఇంకనిచ్చుటకు ఆయన ఇష్టపడెను. కృప అంటే ఇదే.

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రి ఒక పని చేయండి. మీ వంటింటి అలమర తెరచి చూడండి. మన పట్టణపు ఇండ్లలో, క్రైస్తవుల ఇండ్లలో కూడ, ఒక మూలన ఒక గ్లాసు వేరుగా ఉంటుంది. అంట్లు తోమే అమ్మకు ఒకటి. చెత్త తీసికొనిపోవు తమ్మునికి ఒకటి. వాచ్‌మన్‌కు ఒకటి. దానిని ఎవ్వరూ రెండు గ్లాసుల పద్ధతి అనరు. మీ గిన్నెలన్నీ తోమి శుభ్రపరచే ఆ తల్లి చెయ్యి, ఆ గిన్నెలో తాను త్రాగుటకు మాత్రము పనికిరాదా? కొందరు వేరు గ్లాసును తీసివేసి, ఆమెకు మాత్రము కాగితపు కప్పులో ఇస్తారు. గ్లాసు మారింది, మనస్సు మారలేదు.

సంఘములోను చూచుకొందము. ప్రభువు బల్ల దగ్గర కొన్ని సంఘములు ఒకే పాత్ర వాడతాయి, కొన్ని చిన్న గ్లాసులు వాడతాయి. అది ఆరోగ్యమును బట్టి, సంఘ క్రమమును బట్టి పోవు సంగతి. దానిలో తగవు లేదు. కాని బల్ల దగ్గర ఒక్క రొట్టెలో పాలుపొంది, గుమ్మము దాటగానే మా వాళ్ళు, వాళ్ళ వాళ్ళు అని లెక్కించుకొంటే? పిల్లల పెండ్లి మాట వచ్చినప్పుడు విశ్వాసమును కాక కులమునే మొదట అడిగితే? తోటి మనిషిచేత వేరు గ్లాసు కడిగించబడిన తాతల మనుమలము మనము. మరియొకరికి వేరు గ్లాసు పెట్టుటకు మనకు నోరెట్లు వచ్చును? చేయి ఎట్లాడును?

నాలుగవది: పెంకులకును పొలమున్నది

మీలో కొందరు అనుకొనుచుండవచ్చును: అయ్యగారూ, నేను మెత్తని మన్నును కాను. ఎప్పుడో గట్టిపడిపోయాను, పగిలిపోయాను. నాకు 18వ అధ్యాయము లేదు, 19వ అధ్యాయమే మిగిలింది.

బషీర్‌బాగ్ అను పేరు సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్‌తో ముడిపడియున్నది. ఆయన పైగా వంశమువాడు, హైదరాబాదు రాజ్యమునకు ప్రధానిగా ఉన్నవాడు. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. పేరు మిగిలింది. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో తవ్వినప్పుడైతే శాతవాహనుల కాలపు మట్టి పాత్రలు, పెంకులు బయటపడినవి. దాదాపు 2000 సంవత్సరాలు మంటిలో పడియుండి కూడ ఆ పెంకు పెంకుగానే ఉన్నది. పగిలినది నశించిపోవునని మనమనుకుంటాము. అది నిజము కాదు.

ఇంకొక సంగతి. పగిలిన పెంకులను మెత్తగా దంచి, ఆ పొడిని క్రొత్త మంటిలో కలుపుట కుండలు చేయువారికి చాలా పాత కాలమునుండి తెలిసిన పని. ఆ పొడి కలిసిన మన్ను ఎండునప్పుడు తక్కువగా ముడుచుకుంటుంది, తక్కువగా పగులుతుంది. ఒకసారి అగ్నిలో కాలి, పగిలి, నలిగినది – క్రొత్త గిన్నె అగ్నికి నిలుచుటకు బలమిస్తుంది! త్రాగుడు మానిన సహోదరుడు త్రాగుచున్నవానికి చెప్పే మాటలో ఉన్న బలము అది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, బిడ్డను పోగొట్టుకొన్న మరియొక తల్లి ప్రక్కన ఊరకనే కూర్చున్నప్పుడు కలుగు ఆదరణ అది.

మత్తయి 27వ అధ్యాయము చూడండి. యూదా తిరిగి పారవేసిన ముప్పది వెండి నాణెములతో యాజకులు ఏమి కొనిరి? కుమ్మరివాని పొలము. పరదేశులను పాతిపెట్టుటకు. యేసు ప్రభువు ప్రాణమునకు మనుష్యులు కట్టిన వెల, చోటులేని వారికి చోటు కొనుటకు పోయెను. యాజకులు దానిని పుణ్యమని చేయలేదు. ఆ రూకలు రక్తపు సొమ్ము గనుక కానుక పెట్టెలో వేయరాదని చేసిరి. అయినను దేవుడు వారి చేతిపనిలోనే సువార్త వ్రాసెను. కుమ్మరి పొలములో పడియున్న పెంకువలె ఉన్న నీ కొరకు కూడ వెల చెల్లించబడెను.

గెత్సేమనేలో ప్రభువు ఒక గిన్నెను గూర్చి ప్రార్థించెను. అది తన యొద్దనుండి తొలగిపోవలెనని కోరి, అయినను తండ్రి చిత్తమే జరుగవలెనని లోబడెను. మన చేదును ఆయన త్రాగెను గనుక ఆయన దీవెన గిన్నె మన చేతికి వచ్చెను.

ప్రియ శ్రోతలారా, చిన్నబిడ్డకు ఒక గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాడు తన ఫలము పోగొట్టుకొనడని ప్రభువు సెలవిచ్చెను. రేపు ఉదయము మీ ఇంటికి పనికి వచ్చువారికి మీరు త్రాగు కప్పులలో ఒకదానిలోనే టీ పోసి ఇవ్వండి. మీ బల్ల దగ్గర కూర్చోమని చెప్పండి. పేరు పెట్టి పిలువండి, పెద్దవారైతే అమ్మా అనండి, అయ్యా అనండి. వారు మొదట సంకోచించవచ్చును. సుఖారు స్త్రీ కూడ సంకోచించెను. రోడ్డు ప్రక్కన మట్టి కప్పులు, ప్రమిదలు అమ్ముకొనువారి దగ్గర రూపాయి కొరకు బేరమాడునప్పుడు, ఆ వ్రేళ్ళ గుర్తులను ఒక్కసారి తడిమి చూడండి.

ప్రార్థన చేసికొందము.

పరలోకమందున్న మా తండ్రీ, నీవు మా కుమ్మరివి, మేము నీ చేతిలోని మన్ను. మెత్తగా ఉన్న దినములలోనే మమ్మును రూపించుము. మా బిడ్డలను నీ చేతిలోనుండి జారనియ్యకుము. మాలో దాగిన తడిని అగ్నికి ముందే ఆరబెట్టుము. మా ఇండ్లలోని వేరు గ్లాసును, మా హృదయములలోని వేరు గ్లాసును తీసివేయుటకు మాకు ధైర్యమిమ్ము. పగిలిపోయితినని కన్నీళ్ళతో వింటున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. వారికొరకు నీ కుమారుడు వెల చెల్లించెనని ఈ రాత్రి వారు నమ్మునట్లు చేయుము. దప్పిగొన్నవారికి నీళ్ళందించు గిన్నెలుగా మమ్మును వాడుకొనుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.